రెండు డెల్టాలు, ఒక మడతల పుస్తకం

ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళే విదేశీ ప్రయాణంలో బొమ్మలు వేసుకోవడానికి టైము ఎక్కడ దొరికిందని చాలామంది అడిగారు. అక్కడ దొరకదు. పిల్లలకి ఆకలేస్తుంది, పెద్దవాళ్ళకి కాళ్ళు లాగుతాయి, ఎక్కాల్సిన రైలు వచ్చేస్తుంది. అందుకే సగం పని ఊళ్ళోనే చేసుకుని వెళ్ళాను. కాగితం కొలతలు, రంగులు, ఒక్కో బొమ్మకి ఎంతసేపు, మొదటి గీత ఎక్కడ పడాలి, ఇవన్నీ అమలాపురంలో ఉండగానే తేల్చుకున్నాను. నెదర్లాండ్స్‌లో చేసింది మిగతా సగమే. ఆ మొదటి సగం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు కాబట్టి నేను కొంచెం ఎక్కువగానే చెబుతాను.

నేను బళ్ళో లెక్కలు చెబుతాను. నీటిరంగుల బొమ్మలు ఇష్టం కొద్దీ వేసుకునేవే, ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా నాన్న దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళేవారు. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయారాయన. అంత కొద్ది కాలంలో అంత పని ఎలా చేశారా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ గోడల ముందు నిలబడి చూసిందే నా చదువు.

మా చెల్లెలు, మరిదిగారు నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఉంటారు. వేసవి సెలవులకి రమ్మని ఎప్పటినుంచో పిలుస్తున్నారు. ఈసారి అమ్మని కూడా తీసుకుని అందరం వెళ్దామని నిర్ణయించుకున్నాక నేను ముందు చేసిన పని మ్యాపు తెరవడం. రైన్ నది ఆ దేశంలోకి రాగానే పాయలుగా చీలిపోతుంది. వాల్ అని ఒకటి, కిందికి పోయేకొద్దీ లెక్ అని పేరు మారే పాయ ఇంకొకటి. మనకి ధవళేశ్వరం దిగాక గౌతమి, వశిష్ఠ, ఆ తర్వాత వైనతేయ. అక్కడా గట్లు, లాకులు (నీటిని ఆపి, పడవల్ని దాటించే తలుపులు), గట్టు పక్కన ఊళ్ళు, చివర సముద్రం. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు మన పాలకొల్లులో వర్తకానికి కాపురం పెట్టారంటే ఈ నేల వాళ్ళకి కొత్తగా అనిపించి ఉండదు.

అప్పుడు తట్టింది మడతల పుస్తకం సంగతి. పొడుగాటి కాగితం ఒకటే, విసనకర్రలా మడతలు పడుతుంది. ఒకవైపు మన కాలువ, రెండోవైపు వాళ్ళ కాలువ. మడతకీ మడతకీ మధ్య జాగా ఒక గడి. రెండువైపులా ప్రతి గడిలోనూ నీటి గీత అడుగు నుంచి ఒకే ఎత్తులో ఉండాలి. పుస్తకం మొత్తం విప్పి పరిస్తే నీళ్ళు ఎక్కడా తెగకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా పోవాలి. ఈ ఒక్క నియమం పెట్టుకోవడం వల్ల ఎంత మేలు జరిగిందో చెప్పలేను. ఎక్కడ కూర్చున్నా మొదటి గీత ఎక్కడ గీయాలా అన్న ఆలోచనే లేదు. అడుగు నుంచి అంగుళంన్నర, అంతే.

నీటిరంగుల కాగితం ఫుల్ షీటు 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటుంది. దాన్ని ఐదున్నర అంగుళాల చొప్పున నాలుగు పట్టీలుగా కోశాను. ఒక్కో పట్టీలో చివర అర అంగుళం అతుకుకి వదిలేస్తే మిగిలిన 29.5 అంగుళాలు ఐదు గడులు, గడి వెడల్పు 5.9 అంగుళాలు. నాలుగు పట్టీలు కలిపితే ఒకవైపు 20 గడులు. మామూలుగా బొమ్మలకి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) కాగితం వాడతాను కానీ అది మడతకి లొంగదు. 200 జీఎస్ఎమ్ కాటన్ కాగితం తీసుకున్నాను. రెండువైపులా తడిపినా ఇటు రంగు అటు దిగలేదు.

మడత వేసేముందు కాగితాన్ని రెండువైపులా కొద్దిగా వంచి చూడాలి. ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకోవైపు మొరాయిస్తుంది. తేలిగ్గా వంగిన వైపే మడత రావాలి. లేకపోతే మడత దగ్గర పైపొర పగిలిపోయి, రంగు తగలగానే ఆ పగులులోకి చేరి నల్లటి చార పడుతుంది. స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్ పెన్ను మొనతో గట్టిగా గీసి, ఆ గాడి వెంట మడిచి, స్టీలు చెంచా వెనక వైపుతో రుద్దాను. అతుకులకి మైదా జిగురు. మన దగ్గర పాత బైండింగువాళ్ళు జిగురు ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తారు, పురుగు పట్టకుండా. అది విషం కాబట్టి నేను వంటింట్లో కాకుండా పెరట్లో పాత డబ్బాలో కాచి, మిగిలింది పిల్లల చేతికి అందకుండా అప్పుడే పారేశాను.

కోనసీమలో కాగితాన్ని కాపాడుకోవడం ఒక పెద్ద పని. నీటిరంగుల కాగితం మీద జిలటిన్ లాంటి పూత ఉంటుంది. రంగు వెంటనే పీల్చుకోకుండా కాసేపు పైన నిలబడేది దానివల్లే. మన గాలిలో తేమకి ఆ పూత అక్కడక్కడా చచ్చిపోతుంది. చూడ్డానికి ఏమీ తేడా తెలీదు. కుంచె పెట్టగానే ఆ చోట రంగు అద్దుడు కాగితం మీద పడ్డట్టు ఇంకిపోయి మచ్చలు మచ్చలుగా తేలుతుంది. అందుకని కొత్త కాగితాన్ని మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా చుట్టి బీరువాలో పెడతాను. పొట్లాలు ఎండలో పెట్టి మార్చుకుంటూ ఉండాలి. రంగుల్లోనూ అంతే. తేనె కలిపిన రంగులని పేరున్నవి ఉన్నాయి, తడి తగలగానే చక్కగా కరుగుతాయి. మా ఊళ్ళో మాత్రం అవి పెట్టెలో ఆరవు, మూత తీస్తే జిగటగా దారాలు సాగుతాయి. తేనె లేని మామూలు ట్యూబు రంగుల్నే చిన్న గిన్నెల్లో పిండి ఎండబెట్టుకున్నాను.

ఆరు రంగులే. అల్ట్రామెరైన్ బ్లూ, సెరూలియన్ బ్లూ, లెమన్ యెల్లో, యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, అలిజరిన్ క్రిమ్సన్. ఆకుపచ్చ పెట్టుకోలేదు. కొబ్బరాకుకి ట్యూబులో దొరికే ఆకుపచ్చ ఎప్పుడూ సరిపోదు. ఎండలో కొబ్బరాకు పైభాగం ఆకాశాన్ని అద్దుకుని తెల్లగా, నీలంగా మెరుస్తుంది, వెలుగు వెనక నుంచి వచ్చినప్పుడే పసుపుపచ్చగా కనిపిస్తుంది. ఆ రెండూ కలుపుకుంటేనే వస్తాయి. ఇక అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా కలిస్తే వచ్చే బూడిద రంగు నాకు ప్రాణం. అల్ట్రామెరైన్ రేణువులు గుంపులు కడతాయి. తడి కాగితం మీద వేసి కదపకుండా వదిలేస్తే అవి కాగితం గుంటల్లోకి దిగి కూర్చుంటాయి, సియెన్నా చుట్టూ పరుచుకుంటుంది. ఆరాక దగ్గరగా చూస్తే నీలం చుక్కలు, మట్టి చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి, దూరం నుంచి మబ్బు. డచ్చి ఆకాశానికి ఇంతకంటే సరిపోయే జంట లేదని అక్కడికి వెళ్ళాక రుజువైంది.

మన వైపు గడులు వేయడానికి తొందరపడాల్సి వచ్చింది. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు జూన్‌లోనే. అందుకని ఫిబ్రవరి, మార్చి ఆదివారాలన్నీ గట్ల మీదే గడిచాయి. గౌతమి, వశిష్ఠల మధ్య ఉన్న సెంట్రల్ డెల్టాకి నీళ్ళు మొదలయ్యే బొబ్బర్లంక దగ్గర మొదటి గడి. తర్వాత లొల్ల లాకులు, గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన), అమలాపురం కాలువ రేవులు, లంక పొలాలు, చివర వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది. ఫోన్‌లో ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకునేదాన్ని. అయిదు నిమిషాలు పెన్సిలు, పది నిమిషాలు పెద్ద కుంచెతో ఆకాశం, నీళ్ళు, దూరపు చెట్లు, మిగిలిన అయిదు నిమిషాల్లో మనిషో, పడవో, లాకు తలుపో, ఏదో ఒకటి ముదురు రంగులో. అలారం మోగితే కుంచె కింద పెట్టేయడమే. పిల్లల్ని కావాలనే వెంట తీసుకెళ్ళాను. వాళ్ళ గోలలో వేయడం అలవాటు కాకపోతే అక్కడికి వెళ్ళాక చెయ్యి ఆడదు.

లొల్ల దగ్గర ఒక పెద్దాయన చాలాసేపు వెనక నిలబడి చూశారు. కాలువ మీద నీళ్ళ కాపలా చూసే లస్కరుగా చేసి రిటైరయ్యారట.

"ఏవండీ, లాకు తలుపు అంత సన్నంగా ఏసేరేటండీ? దాని మందం చూసేరా మీరు?" అన్నారు.

"దూరం నుంచి అలా కనిపించిందండీ."

"దూరంనించైనా అది ఎంత నీటిని ఆపుతాదో తెలియాల కదండీ. ఓపాలి దగ్గరికెళ్ళి చెయ్యేసి చూడండి, ఆయ్."

వెళ్ళి చెయ్యి వేసి చూశాను. అవతలి వైపు నీళ్ళు తోస్తున్న అదురు అరచేతికి తెలుస్తోంది. ఆ తర్వాత నేను వేసిన ఏ లాకు తలుపూ సన్నగా రాలేదు.

నా నీటి గీత నియమానికి అసలు పరీక్ష గన్నవరంలో ఎదురైంది. అక్కడ కింద వైనతేయ పారుతుంది, దాని మీదుగా అక్విడక్టులో కాలువ నీళ్ళు రాజోలు వైపు పొలాలకి పోతాయి. ఒకే చోట రెండు నీళ్ళు, రెండు ఎత్తులు. గీత దేనిది? చాలాసేపు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. చివరికి కాలువ నీళ్ళనే గీత మీద పెట్టి, నదిని గీత కిందికి దించేశాను. అంగుళంన్నర జాగాలో పాత అక్విడక్టు కమాన్లు, వాటి కింద వైనతేయ. కాలువ మనిషి కట్టింది, నది తనంత తాను పారేది. మనం తిండి తింటున్నది ఆ పై నీళ్ళతోనే కాబట్టి గీత దానికే ఇవ్వాలనిపించింది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయడానికి ముందు ఈ గోదావరి పక్కనే కరువుకి జనం చచ్చిపోయారని పెద్దవాళ్ళు చెప్పేది ఊరికే కాదు.

వీసా సంగతి త్వరగా చెప్పేస్తాను. నెదర్లాండ్స్ వెళ్ళడానికి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. మేం హైదరాబాద్ వెళ్ళి ఇచ్చాం. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45, సర్వీసు చార్జీలు వేరే. 30,000 యూరోలకి తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి, ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలైనా చెల్లాలి. పన్నెండేళ్ళు నిండినవాళ్ళు వేలిముద్రలు ఇవ్వాలి. చెల్లెలు వాళ్ళు పంపిన ఆహ్వానం కాగితాలు, మావారి పొలం కాగితాలు, నా సెలవు లెటరు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒక వరసలో పెట్టుకుని వెళ్తే టెన్షన్ ఉండదు. బొమ్మల సామాను గురించి ఎక్కడా చెప్పాల్సిన పని లేదు. విమానంలో ఎండిన నీటిరంగులు చేతిసంచీలోనే వస్తాయి, కటరు బ్లేడు మాత్రం చెకిన్ పెట్టెలో వెయ్యాలి. నీళ్ళు నింపుకునే కుంచెల్ని ఖాళీగా పట్టుకెళ్ళి అక్కడ నింపుకున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ట్యులిప్ తోటలు మే నెల మధ్యకల్లా అయిపోతాయి. మన బడి సెలవులు మొదలయ్యేసరికే అవి ముగింపుకి వచ్చేస్తాయి. మేం వెళ్ళేటప్పటికి అక్కడ పొలాల్లో పువ్వు లేదు. నాకైతే నీళ్ళు, మబ్బులు చాలు.

అక్కడ నాకు దొరికిన పెద్ద వరం సాయంత్రం. మే చివర్లో మన దగ్గర ఆరున్నరకి పొద్దుగూకుతుంది, ఏడింటికి చీకటి. డెల్ఫ్ట్‌లో ఆ రోజుల్లో సూర్యుడు తొమ్మిదిన్నర దాటాక గానీ దిగడు, ఆ తర్వాత కూడా చాలాసేపు వెలుగు ఉంటుంది. పగలంతా అందరితో తిరిగి, అన్నాలు తిని, పిల్లలు చెల్లెలు పిల్లాడితో ఆటల్లో పడ్డాక ఇంకా రెండు గంటల వెలుతురు మిగిలేది. ఇంటి వెనకే కాలువ. గాలికి కాగితం ఎగరకుండా నాలుగు క్లిప్పులు, ఉన్ని శాలువా, ఒక మడత కుర్చీ. పల్చటి వెలుగు, నీడలు పొడుగ్గా, అరగంట గడిచినా పెద్దగా మారవు. మన సాయంకాలం ఇరవై నిమిషాల్లో రంగులన్నీ మార్చేసి వెళ్ళిపోతుంది. అందుకే ఊళ్ళో ఇరవై నిమిషాలకి అలవాటుపడ్డ చెయ్యి అక్కడ హాయిగా ఆడింది.

పగటిపూట మాత్రం పద్ధతి వేరు. ఎవరికి ఏది ఇష్టమో చూసుకుని, వాళ్ళు దాంట్లో మునిగిపోయే చోటే నేను పుస్తకం తెరిచేదాన్ని. పిల్లలకి లేచే వంతెనలు. గంట మోగుతుంది, అడ్డుకర్రలు పడతాయి, రోడ్డు ముక్క మొత్తం ఆకాశంలోకి లేస్తుంది, పడవ వెళ్ళిపోతుంది, రోడ్డు మళ్ళీ దిగుతుంది. ఇంకో పడవ వచ్చేదాకా ఉందామంటారు. నాకు ఇంకేం కావాలి?

మావారికి కిండర్‌డైక్. లెక్ నది పక్కన 19 గాలిమరలు వరసగా నిలబడి ఉంటాయి. ఎక్కువభాగం 1738, 1740ల్లో కట్టినవి. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. వాటిని పిండిమరలనుకుంటారు చాలామంది. అవి నీళ్ళు తోడే యంత్రాలు. అక్కడ పొలాలు నదికంటే పల్లంలో ఉంటాయి. పొలంలో ఊరిన నీటిని చక్రంతో పై కాలువలోకి ఎత్తి, నదిలో మట్టం తగ్గినప్పుడు తలుపు తీసి వదిలేసేవాళ్ళు. ఇప్పుడు ఆ పని పెద్ద పంపులు చేస్తున్నాయి. మావారు పంపుహౌస్ దగ్గర నుంచి కదల్లేదు. ఊళ్ళో ఆయనకున్న చిన్న పొలం పల్లంలోనే ఉంది. తుఫాను వస్తే మురుగు కాలువ సముద్రంలోకి లాగదు, చేను వారం రోజులు నీళ్ళలో నానుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో ఈ ముంపు కూడా ఉంది. "నీళ్ళు తెచ్చుకోవడం మనకి కాటన్ దొర నేర్పాడు. నీళ్ళు పంపించడం ఇంకా ఎవరూ నేర్పలేదు" అన్నారు. ఆయన అలా పంపులు చూస్తుండగానే నా గడి పూర్తయింది.

ఆ గడికి చోటు ఊళ్ళోనే లెక్కేసి పెట్టుకున్నాను. పట్టీని తిప్పితే మన వైపు చివరి గడి వెనకది అటువైపు మొదటి గడి అవుతుంది. అంటే అంతర్వేది వెనక నుంచి వాళ్ళ వైపు మొదలవ్వాలి. అందుకే అక్కడి మొదటి గడి స్కేవెనింగెన్ సముద్రపు ఒడ్డు. సముద్రం వెనక సముద్రం. అక్కడ నుంచి పైకి, నది ఎగువకి నడుస్తుంది కథ. గన్నవరం అక్విడక్టు మన వైపు 11వ గడి, దాని వెనక అటు నుంచి లెక్కపెడితే 10వది. ఆ 10వ గడిని కిండర్‌డైక్ కోసం ఖాళీగా ఉంచాను. రెండు ఎత్తుల్లో రెండు నీళ్ళు ఉన్న చోటు అక్కడా అదే. నది నీళ్ళు గీత మీద, పొలం కాలువ గీత కింద. మధ్యలో గట్టు మీద మర. కాగితాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అక్విడక్టు కమాన్లు గాలిమర కింద లీలగా కనిపిస్తాయి. పుస్తకం మొత్తంలో నాకు బాగా కుదిరిందనిపించే చోటు ఇదే.

డెల్ఫ్ట్‌లో హోయికాడ అనే కాలువ ఒడ్డు ఉంది. 1660 ప్రాంతంలో డచ్చి చిత్రకారుడు వెర్మీర్ ఆ ఊరి బొమ్మ వేసింది అటువైపు నుంచే. బొమ్మలో ఉన్న కోట ద్వారాలు ఇప్పుడు లేవు, కొత్త చర్చి గోపురం మాత్రం ఇళ్ళ వెనక కనిపిస్తుంది. అసలు బొమ్మ దగ్గర్లోనే, హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్‌లో ఉంది. నీటి అవతలి అంచున గోడలు, ద్వారాలు మబ్బు నీడలో ముదురుగా ఉంటాయి, వెనక ఇళ్ళ కప్పుల మీద, గోపురం మీద ఎండ పడుతుంది. దగ్గరిది నీడలో, దూరంది వెలుగులో. నేను ఎప్పుడూ దగ్గరి దానికి వెలుగిచ్చి దూరాన్ని మసక చేసేదాన్ని. ఆ ఒక్క బొమ్మ ముందు నిలబడ్డాక మిగిలిన గడుల పద్ధతే మారిపోయింది.

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంకి టైము స్లాటు ముందే బుక్ చేసుకోవాలి. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకి టికెట్టు లేదు. అక్కడ పెన్సిలుతో బొమ్మలు వేసుకోనిస్తారు, రంగులు మాత్రం తీయకూడదు. ఫోన్‌తో ఫోటో తీసి వెళ్ళిపోవడం మాని, కూర్చుని గీయండని 2015లో ఆ మ్యూజియం వాళ్ళే జనాన్ని పిలిచారు. నేను యాకోబ్ వాన్ రౌస్‌డాల్ వేసిన గాలిమర ముందు కూర్చున్నాను. అది కూడా లెక్ నది ఒడ్డుదే. ఆకాశమే సగానికి పైన. నీటి అంచున గుంజలు, రెల్లు, కుడివైపు నడుస్తున్న ముగ్గురు ఆడవాళ్ళు. మబ్బుల బరువంతా మర మీదే ఉంది. రెక్కలు ఆగి ఉన్నాయో తిరుగుతున్నాయో చెప్పలేం. వానొచ్చే ముందు మన లంకల్లో ఇలాంటి ఆకాశమే కమ్ముతుంది, కానీ నేను ఎప్పుడూ ఆకాశానికి మూడో వంతు మించి ఇవ్వలేదు. నా పుస్తకంలో నీటి గీత అంగుళంన్నర దగ్గర ఉండటంతో మిగిలిన నాలుగంగుళాలు ఏం చెయ్యాలా అని అప్పటిదాకా చెట్లతో, ఇళ్ళతో నింపేదాన్ని. ఆ తర్వాత వదిలెయ్యడం మొదలుపెట్టాను.

తలెత్తి చూస్తే అమ్మ కనిపించలేదు. పిల్లలు వెళ్ళి వెతికితే 1641లో వెర్‌స్ప్రాంక్ వేసిన నీలం గౌను పిల్ల బొమ్మ ముందు ఉంది. అమ్మ పుట్టిల్లు నరసాపురం. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ చేరింది. అమ్మ పెళ్ళికాకముందు నుంచీ అల్లుతోంది, ఇప్పటికీ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుంటే చేతిలో క్రోషా సూది ఉండాల్సిందే. బొమ్మలోని పిల్ల మెడ చుట్టూ తెల్ల లేసు కాలరు, చేతులకీ లేసే. అమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, గీత దాటకుండా వంగగలిగినంత వంగి చూస్తోంది.

"ఇది మన సూదితో అల్లింది కాదే. చైనే కనపడట్లేదు చూడు" అంది. చైనంటే క్రోషా అల్లికలో ఉచ్చుల గొలుసు.

"అవునమ్మా. దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న కర్రలు అటూ ఇటూ వేస్తూ అల్లుతారట."

"ఎంత ఓపిక! ఏసినాయనకీ అంత ఓపికే. చూడు, ఈ రంధ్రం లోంచి లోపలి నీలం కనపడేట్టు ఏసేడు." కాసేపాగి, "ఈ అంచు నాకు గీసి పెట్టు. ఇంటికెళ్ళాక చూస్తాను" అంది.

నా పుస్తకం మూసి, వేరే చిన్న కాగితం మీద ఆ కాలరు అంచు ఒక్కటే గీశాను. ఆకు ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతోందో అమ్మ పక్కనుంచి చెబుతూనే ఉంది. "ఆ వంపు తప్పు, ఇంకో కన్ను ఉంది అక్కడ." నాకు కనపడనివి తనకి కనపడుతున్నాయి. జీవితమంతా లేసు అల్లిన కళ్ళు బొమ్మని చదివే తీరు వేరు. చుట్టూ ఎంతమంది వచ్చి వెళ్ళారో తెలీదు. మా పిల్లది కూడా పక్కన నేల మీద కూర్చుని అదే పిల్ల చేతిలో ఉన్న ఈకల విసనకర్ర గీసుకుంది.

తిరిగొచ్చేసరికి కాలువలకి నీళ్ళు వదిలారు. వాన మొదలైంది. మడతల పుస్తకాన్ని వెంటనే పొట్లాలతో సహా కవర్లో పెట్టాను. మన వానాకాలంలో రంగులు పొద్దున్న వేసినవి మధ్యాహ్నానికి కూడా పూర్తిగా ఆరవు, మడతపెడితే గడికి గడి అంటుకుంటుంది. అందుకే గడుల మధ్య వెన్నకాగితం ముక్కలు పెట్టాను. అట్టలకి నీలం ఖద్దరు అతికించాను. మడతలు విప్పి చూస్తే మన వైపు గడుల్లో చెట్లు ఎక్కువ, మనుషులు ఎక్కువ. అటువైపు సగం నుంచి ఆకాశం పెరిగిపోయింది. మన వైపు మళ్ళీ వేస్తే ఈసారి లంకల మీద ఆకాశానికి చోటిస్తాను. వేస్తాను కూడా, వచ్చే ఫిబ్రవరికి కొత్త కాగితం కోసి ఉంచాను.

ప్రస్తుతం మాత్రం అమ్మా నేనూ ఆ కాలరు మీద పడ్డాం. నా పెన్సిలు గీతని గళ్ళ కాగితం మీదికి ఎక్కిస్తున్నాను. నిండిన గడి అయితే అల్లిక, ఖాళీ గడి అయితే చైన్లతో కన్ను. కర్రలతో అల్లిన లేసులో ఆకు వంపు నున్నగా తిరుగుతుంది, మన సూది అల్లికలో మెట్లు మెట్లుగా వస్తుంది. అమ్మ ఒక అంచు అల్లి చూసింది. ఆకు బాగానే తేలింది, వెనక వల మాత్రం బరువుగా ఉంది. ఇంకా సన్న దారం కావాలంటోంది. అది నరసాపురంలో ఏ కొట్లో దొరుకుతుందో తనకి తెలుసట. ఆదివారం చించినాడ వంతెన మీదుగా వెళ్ళి తెస్తాం.